రేవులో ఆగిన అంబాసిడర్: గోదావరి డెల్టాలో పాత కార్ల ప్రయాణం

పాత కార్ల మీద తెలుగులో వచ్చే రాతలు చాలావరకు హైదరాబాద్, చెన్నై, ముంబయి చుట్టూనే తిరుగుతాయి. నిజాం వాడిన రోల్స్‌రాయిస్, సంస్థానాల గ్యారేజీలు, ఆదివారం పొద్దున జరిగే ప్రదర్శనలు, తళతళలాడే క్రోమ్ బంపర్లు. గోదావరి డెల్టాలో పాత కారు జ్ఞాపకం తీరే వేరు. అమలాపురంలోనో పాలకొల్లులోనో అరవై దాటినవాళ్లను కదిపితే బండి మోడల్ కంటే ముందు రేవు పేరు వస్తుంది. ఏరు దాటించే పంటు కోసం ఎంతసేపు ఆగారు, ఏ లాకుల దగ్గర రేడియేటర్ కాగింది, వానలో ఏ గట్టు మీద బండి జారింది, ఇవే మొదట చెబుతారు. కారు ఏ రంగుదో తర్వాత గుర్తుచేసుకుంటారు.

దీనికి కారణం ఉంది. ఈ ప్రాంతంలో కారు ఎంత వేగంగా పోవాలో, ఎక్కడ ఆగాలో చాలాకాలం నీరే నిర్ణయించింది. నదీపాయలు, కాలువలు, సముద్రపు పోటు, వరద కలిసి ఇక్కడి ప్రయాణాన్ని నడిపాయి. అందువల్ల ఆ కాలపు అసలు విషయం కారు కొన్నవాళ్ల దగ్గర కంటే కారు నడిపినవాళ్ల దగ్గర, బాగుచేసినవాళ్ల దగ్గర, దాన్ని ఏరు దాటించినవాళ్ల దగ్గర ఎక్కువగా మిగిలింది. పాత కార్ల చరిత్ర రాసేవాళ్లు వీళ్లను వదిలేస్తే, డెల్టా వరకు ఆ చరిత్రలో సగానికి పైగా పోయినట్టే.

గట్టే రోడ్డు

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని నుంచి తీసిన కాలువలు పొలాలకు నీరిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు, కోర్టు పని మీద వెళ్లేవాళ్లు అందరూ కాలువ మీదే ప్రయాణించారు. ఎత్తుపల్లాలు ఉన్నచోట పడవలను దింపడానికి, ఎక్కించడానికే లాకులు కట్టారు. కాలువ ఇంత పని చేస్తుంటే రోడ్డు తొందర ఎవరికీ లేకపోయింది. మద్రాసు నుంచి హౌరా వెళ్లే రైలు మార్గానికి రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900 నాటికే వచ్చినా, దాని మీద రైలుకు తప్ప మరో బండికి చోటు లేదు.

రోడ్లు వచ్చినప్పుడు అవి వచ్చిన చోటు కాలువ గట్టు. అప్పటికే మట్టి పోసి ఎత్తు చేసిన నేల అదొక్కటే. మిగతాదంతా వరిచేను, ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలో ఉండే నేల. గట్టు మీద కంకర పరిచి, తర్వాత తారు వేసి రోడ్డు అన్నారు. రాజమండ్రి నుంచి కడియం, ద్వారపూడి, అనపర్తి మీదుగా కాకినాడ వైపు వెళ్లే కెనాల్ రోడ్డు ఇందుకు మంచి ఉదాహరణ. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లంలో చేను లేదా ఊరు. కాలువ వంపు తిరిగితే రోడ్డూ వంపు తిరగాలి. ఎదురుగా ఎడ్లబండి వస్తే ఎవరో ఒకరు గట్టు అంచుకు దిగాలి. వానాకాలంలో ఆ అంచు నల్లరేగడి మట్టి. చక్రం దిగిందంటే నలుగురు పట్టుకుంటే తప్ప పైకి రాదు.

రాత్రిపూట ఇంకా కష్టం. ఆనాటి హెడ్‌లైట్ల వెలుగు ఇప్పటి బైకు లైటుకు కూడా సరిపోదు. గట్టు మీద చెట్ల మొదళ్లకు వేసిన సున్నం పట్టీలే డ్రైవరుకు గుర్తు. తెల్ల పట్టీ వరుస ఎటు తిరిగితే రోడ్డు అటు తిరిగినట్టు. ఆ వరుస తెగిన చోట వంతెనో, పుంతో, లాకో ఉంటుందని తెలిసినవాళ్లు ముందే గేరు తగ్గించేవారు. కాలువలో పడిన కార్ల కథలు డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, అవి ఇప్పటికీ జరుగుతున్నాయి. పాత రోజుల మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ మాట దాచకూడదు. గట్టు రోడ్డు అందంగా ఉండేది, ప్రాణాంతకంగానూ ఉండేది.

ఈ రోడ్డు మీద మోటారు మొదట స్థిరపడింది బస్సుగా. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు మార్గం వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1940లో ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ అక్కడ రైలు నడిచింది 2004లో. మధ్యలో అన్నేళ్లపాటు ఆ జనానికి బస్సు, పడవ, ఎడ్లబండి మాత్రమే ఆధారం. యుద్ధకాలంలో పెట్రోలుకు రేషన్ పెట్టడంతో బొగ్గు బస్సులు వచ్చాయి. బస్సు వెనక ఇనుప డ్రమ్ములో బొగ్గు రగిలించి, గాలి తక్కువగా అందేలా చేస్తే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుడుతుంది. దాన్ని వడకట్టి ఇంజనులోకి పంపేవారు. పెట్రోలుతో వచ్చే శక్తి దీనితో రాదు. పొద్దున్నే బొగ్గు అంటించి, చేత్తో పంకా తిప్పి, వాయువు సరిగా వచ్చేదాకా కాచుకోవాలి. వంతెన ఎక్కేచోట జనం దిగి తోయాల్సి వచ్చేది.

స్వాతంత్ర్యం తర్వాత అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ అనే మూడు పేర్లు డెల్టా రోడ్లను చాలాకాలం ఏలాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్‌ది 1,489 సీసీ ఇంజను. ముంబయి కుర్లాలో తయారైన ఫియట్ 1100ది 1,089 సీసీ. అదే 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ 1961లో వచ్చింది, తొలి బండి 948 సీసీ. అంకెలు చూస్తే పెద్ద తేడా లేదనిపిస్తుంది గానీ గట్టు మీద చాలా తేడా ఉండేది. అంబాసిడర్ తక్కువ వేగంలో కూడా బరువు లాగేది, వెనక కమాను పట్టీల మీద ఎనిమిది తొమ్మిది మందిని మోసేది, గతుకుల్లో అడుగు తగలకుండా పోయేది. ఫియట్ తేలిక, పెట్రోలు తక్కువ తాగేది. హెరాల్డ్‌కు ముందు చక్రాలు ఎంత తిరుగుతాయంటే ఇరుకు గట్టు మీద కూడా ఒకటి రెండు కదలికల్లో బండి వెనక్కి తిప్పుకోవచ్చు. బానెట్, ముందు మడ్‌గార్డులు కలిసి ఒక్క ముక్కగా ముందుకు లేచేవి కాబట్టి మెకానిక్కు ఇంజను పక్కనే టైరు మీద కూర్చుని పని చేసుకోగలిగేవాడు. అయితే గతుకుల రోడ్డుకు దాని వెనక చక్రాల అమరిక తట్టుకోలేకపోయింది. డెల్టా ఊళ్లలో టాక్సీగా, పెళ్లి బండిగా, పేషెంటును తీసుకెళ్లే బండిగా అంబాసిడర్ నిలబడిపోవడానికి కారణం ఆ సీట్ల వెడల్పు, ఆ కమాను పట్టీలు.

పంటు మీద కారు

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు, అవతల బంగాళాఖాతం. కోనసీమ నుంచి ఏ వైపు వెళ్లాలన్నా ఏరు దాటాలి. వంతెనలు లేని రోజుల్లో, ఉన్నా దూరంగా ఉన్న చోట్ల, కారు కూడా మనుషుల్లాగే పడవ ఎక్కాలి. రెండు పెద్ద పడవలను పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిచినది పంటు. కోటిపల్లి–ముక్తేశ్వరం, యానాం–ఎదుర్లంక, నరసాపురం–సఖినేటిపల్లి రేవులు ఇందుకు పేరుపడ్డవి.

బయటివాళ్లకు ఇది విహారయాత్రలాగా కనిపిస్తుంది. డ్రైవరుకు అది పరీక్ష. సముద్రానికి దగ్గరగా ఉన్న నరసాపురం, ఎదుర్లంక లాంటి రేవుల్లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు (నీరు వెనక్కి తగ్గడం) వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా ఇంకా ఎక్కువ. పోటు మీద పంటు ఒడ్డుకు దాదాపు సమానంగా తేలుతుంది, బల్లలు చదునుగా ఉంటాయి, కారు మామూలుగా ఎక్కేస్తుంది. పాటు మీద పంటు కిందికి దిగిపోతుంది. అప్పుడు ఒడ్డు నుంచి పంటు మీదికి దిగడం, అవతలి ఒడ్డున పంటు మీంచి పైకి ఎక్కడం రెండూ ఏటవాలు మీదే. ప్రయాణికులందరినీ దింపేసి డ్రైవరు ఒక్కడే బండిలో ఉంటాడు. ఎదురుగా పంటు మీద పనిచేసే కళాసీ నిలబడి రెండు చేతులతో సైగ చేస్తాడు. బల్లల వెడల్పు చక్రానికి కాస్త ఎక్కువ, అంతే. క్లచ్ సగం వదిలి, మొదటి గేరులో, ఆగకుండా, ఎగరకుండా ఎక్కించాలి. తడి బల్ల మీద ఆగితే చక్రం జారుతుంది, యాక్సిలరేటర్ ఎక్కువైతే అవతలి అంచు దాకా పోతుంది. ఎక్కాక హ్యాండ్ బ్రేకు లాగి, బండిని గేరులో ఉంచి, చక్రాల కింద చెక్క ముక్కలు పెడతారు.

ఇక్కడ పాత బండ్లకు ఒక సదుపాయం ఉండేది. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ మూడూ వెనక చక్రాలతో నడిచే బండ్లు. ఏటవాలు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. ఆ బరువు పడేది నడిపే చక్రాల మీదే కాబట్టి టైరు బల్లను గట్టిగా పట్టుకుంటుంది. 1983 చివర్లో రోడ్డెక్కిన మారుతీ 800 ముందు చక్రాలతో నడిచే బండి. తడి బల్ల మీద ఎక్కేటప్పుడు దాని నడిపే చక్రాల మీంచి బరువు తగ్గిపోయి అవి గిర్రున తిరుగుతాయి. రివర్సులో ఎక్కిస్తే ఆ ఇబ్బంది చాలా తగ్గుతుంది. కొత్త బండి అన్నిట్లోనూ మెరుగని అనుకున్న రోజుల్లో కూడా రేవు దగ్గర పాత అంబాసిడర్‌కు మర్యాద మిగలడానికి ఇదొక కారణం.

కారుతో వచ్చినవాళ్లు రేవులో ఎదురుచూసే సమయాన్ని ఆ రోజుల్లో వృథాగా లెక్కపెట్టేవారు కాదు. బడ్డీకొట్టు, టీ, గోలీసోడా, వేసవిలో తాటి ముంజెలు. వేర్వేరు ఊళ్ల డ్రైవర్లు కలిసే చోటు కూడా అదే. ఏ గట్టు తెగింది, ఏ వంతెన మీద బరువు బండ్లను ఆపుతున్నారు, ఏ బంకులో పెట్రోలు దొరుకుతోంది అన్న కబుర్లు అక్కడే అందేవి. కార్ల గురించిన పరిజ్ఞానం కూడా అక్కడే చేతులు మారింది. పాలకొల్లు వైపు మెకానిక్కు కనిపెట్టిన చిట్కా అమలాపురం వైపు డ్రైవరుకు తెలిసేది రేవు బల్ల మీదే.

అదే రేవులో రాత్రిపూట పంటు దొరక్క ఆగిపోయిన పురిటి నొప్పుల మనుషులూ ఉన్నారు, పాము కాటు పేషెంట్లూ ఉన్నారు. వరద రోజుల్లో పంటు పూర్తిగా ఆగిపోయేది. కారు ఉండీ ఆసుపత్రికి చేరలేని స్థితి అది. వంతెనల కోసం డెల్టా జనం అంత పట్టుగా అడగడానికి ఇదే మూలం. పంటు ప్రయాణాన్ని తలచుకునేటప్పుడు టీ కొట్టును మాత్రమే గుర్తుపెట్టుకుని దీన్ని మరిచిపోతే అది అబద్ధపు జ్ఞాపకం అవుతుంది.

వేడి, ఉప్పు, తుప్పు

డెల్టాలో కారు బాగుచేసే పని వేరే చోట్ల కంటే భిన్నంగా ఎదిగింది. ఇక్కడి వాతావరణం ఇంజనుకు ఒక రకంగా, బాడీకి మరో రకంగా పరీక్ష పెడుతుంది.

వేసవి సంగతి ముందు. పాత పెట్రోలు బండ్లలో పెట్రోలు పంపు ఇంజనుకు ఆనుకునే ఉంటుంది, ఇంజను తిరుగుడుతోనే పనిచేస్తుంది. రోహిణి కార్తె ఎండలో, రెండో గేరులో, గట్టు మీద మెల్లగా పోతుంటే ఇంజను వేడి పంపుకు ఎక్కి, లోపలి పెట్రోలు, దాన్ని గాలితో కలిపే కార్బొరేటర్‌కు చేరకముందే ఆవిరైపోతుంది. పంపు ఎంత కొట్టినా ఆవిరి కదులుతుందే తప్ప పెట్రోలు రాదు. బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోతుంది. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించేసుకునేవాళ్లు కొత్తవాళ్లు. తెలిసిన డ్రైవరు బానెట్ ఎత్తి, డిక్కీలోని పాత తువ్వాలు కాలువలో ముంచి తెచ్చి, పంపు మీద చుట్టి, పక్కన చెట్టు నీడలో పది నిమిషాలు కూర్చునేవాడు. ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది, బండి కదులుతుంది. రాయలసీమలోనో తెలంగాణలోనో ఆ తడిగుడ్డ కోసం డబ్బాలో నీళ్లు మోసుకెళ్లాలి. డెల్టాలో కాలువ ఎప్పుడూ పక్కనే. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసిన రోజుల్లో మాత్రం ఇక్కడా డబ్బా తప్పేది కాదు.

వానాకాలం సంగతి వేరు. చెమ్మ చేరితే, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాపు లోపల కరెంటు దారి తప్పి ప్లగ్గుకు చేరదు. క్యాపు ఊడదీసి పొడిగుడ్డతో తుడిచి, లోపలి పాయింట్లను గరుకు కాగితంతో ఒకసారి గీకి, వాటి మధ్య సందు సరిచూసి బిగిస్తే బండి పలుకుతుంది. ఆ సందు అర మిల్లీమీటరు కంటే తక్కువ. దాన్ని గేజీ లేకుండా కంటిచూపుతో సరిపెట్టే మెకానిక్కులు ప్రతి తాలూకా కేంద్రంలోనూ ఉండేవారు. నీళ్లలోంచి వచ్చిన బండికి డ్రమ్ బ్రేకులు వెంటనే పట్టవు. బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి కొంత దూరం నడిపితే రాపిడి వేడికి తడి ఆరుతుంది. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నవి కావు. లైసెన్సు వచ్చే వయసుకు ముందే క్లీనరుగా చేరి, బానెట్ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవి.

బాడీ విషయానికి వస్తే అసలు శత్రువు తుప్పు. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) లేదు. అడుగు రేకు, పక్క పెట్టెలు, పైకప్పు కలిసే బండి బరువు మోస్తాయి. సముద్రపు గాలిలోని ఉప్పు, చేల మీంచి వచ్చే తేమ, గట్టు మట్టి కలిసి తలుపు కింద రేకును లోపల్నుంచి తినేస్తాయి. పైన రంగు బాగానే ఉంటుంది, కింద స్క్రూడ్రైవరు గుచ్చితే లోపలికి దిగిపోతుంది. రేకు పని చేసే మంచి టింకరు ముందు వేలితో కొట్టి శబ్దం వినేవాడు. బొద్దుగా మోగితే అక్కడ లప్పం ఉన్నట్టు, అంటే అంతకుముందే ఎవరో తుప్పును కప్పేశారన్నమాట. తుప్పు పట్టిన మేర కోసేసి, కొత్త రేకు వంచి, గ్యాస్ వెల్డింగ్‌తో అతికి, మళ్లీ సుత్తితో వంపు తెచ్చేవారు. అంబాసిడర్ మడ్‌గార్డు వంపును అచ్చు లేకుండా ఇసుక సంచి మీద కొట్టి తీసుకురావడం శిల్పం చెక్కడం లాంటి పనే. తీర ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటిని రేడియేటర్‌లో పోస్తే గొట్టాల్లో పొరలు కట్టి బండి ఊరికే కాగిపోతుంది. అందుకే కాలువ నీళ్లు, లేదంటే వాననీళ్లు పోయించేవారు.

1973 తర్వాత పెట్రోలు ధర ఒక్కసారిగా పెరగడంతో మరో మార్పు వచ్చింది. టాక్సీగా తిరిగే అంబాసిడర్లలో పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెట్టించుకోవడం మామూలైంది. కంపెనీయే 1980 ప్రాంతంలో డీజిల్ అంబాసిడర్‌ను తెచ్చింది, 1990ల్లో ఇసుజు ఇంజను బండ్లు కూడా వచ్చాయి. పాత బండిలో కొత్త ఇంజను, ఫియట్‌లో వేరే బండి గేరుబాక్సు, హెరాల్డ్‌కు మరోదాని రేడియేటర్. దొరికిన సామానుతో బండిని బతికించడమే అప్పటి ధర్మం. ఈ బాగుచేతే ఇప్పుడు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది; ఆ సంగతి చివర్లో.

పందెం ఎక్కడ జరిగింది

మోటారు రేసింగ్ జ్ఞాపకాలు డెల్టాలో అస్సలు లేవని కాదు, ఉన్నవి ఎక్కువగా మద్రాసు నుంచి తెచ్చుకున్నవి. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే ఉంది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ ఏటా రేసులు నడిపింది. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకునేదాకా దక్షిణాదిలో కార్ల పందెమంటే షోలవరమే. అక్కడ పరుగెత్తినవాటిలో రోజూ రోడ్ల మీద కనిపించే ఫియట్ 1100లు, హెరాల్డ్‌లు కూడా ఉండేవి. బరువు తగ్గించి, కార్బొరేటర్లు మార్చి, ఇంజను హెడ్ అరగదీసి ట్రాక్ మీదికి దింపేవారు. షోలవరం ఉన్నది మద్రాసు–కలకత్తా రోడ్డు మీదే. తణుకు, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా పోయేది కూడా అదే రోడ్డు. మద్రాసులో చదువుకునే డెల్టా కుర్రాళ్లకు ఆ రేసులు అందుబాటులో ఉండటం సహజమే.

మరి డెల్టాలో ఎందుకు జరగలేదు? ఇక్కడా యుద్ధకాలపు రన్‌వే ఉంది, తాడేపల్లిగూడెంలో. షోలవరం రేసులకు కేంద్రమైంది, తాడేపల్లిగూడెం కాలేదు. తేడా నేలలో కంటే చుట్టుపక్కల ఉన్న వ్యవస్థలో ఉంది. మద్రాసులో కార్లు తయారుచేసే కంపెనీలు, విడిభాగాల కర్మాగారాలు, లేతు మిషన్లున్న వర్క్‌షాపులు, రేసులకు డబ్బు పెట్టే వ్యాపారులు, నడిపే క్లబ్ ఉన్నాయి. డెల్టాలో సంపద ఉంది, కానీ అది వరి, కొబ్బరి, చెరకు, చేపల చెరువుల సంపద. ఇక్కడ కారు పనికొచ్చే వస్తువు, దాన్ని పందెంలో అరగదీయడం ఎవరికీ మనసొప్పలేదు. పందెం మీద మోజు మాత్రం ఏమాత్రం తక్కువ కాదు. అది ఎడ్ల మీదికి, కోళ్ల మీదికి, ఇటీవల సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో జరుగుతున్న పడవల మీదికి వెళ్లింది.

రోడ్డు మీద నిజంగా జరిగిన పందెం ప్రైవేటు బస్సులది. ఒకే రూటులో రెండు సర్వీసులుంటే ముందు వెళ్లినవాడికే జనం దొరుకుతారు. వెనకబడితే ఖాళీ సీట్లే. కాబట్టి ఊరి మొదట్లో హారన్ కొట్టుకుంటూ, గట్టు మీద సైడు ఇవ్వకుండా, ఒకరినొకరు దాటేయడం రోజువారీ సంగతి. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడి, ఆ తర్వాత రూట్లను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకున్నాక ఈ పోటీ తగ్గుతూ వచ్చింది. పెద్దవాళ్లు ఆ బస్సుల పేర్లు, డ్రైవర్ల పేర్లు ఇప్పటికీ హీరోల పేర్లలా చెప్పుకుంటారు. ప్రయాణికుల ప్రాణాలతో ఆడిన ఆటను మెచ్చుకోవలసిన పని లేదు. కానీ వేగం మీద డెల్టాకున్న మోజుకు ఇంతకంటే నిజమైన సాక్ష్యం మరొకటి లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు తెలుగు నేల మీద ప్రపంచస్థాయి రేసు అని గొప్పగా చెప్పుకున్నాం. అవి ఇంజను చప్పుడు లేని కరెంటు బండ్లు. పాత జ్ఞాపకానికి అవి చాలా దూరం.

వంతెనలు వచ్చాక

రాజమండ్రి–కొవ్వూరు మధ్య రైలు, రోడ్డు కలిసిన వంతెన 1974లో వచ్చింది. కాటన్ బ్యారేజీ 1982లో పూర్తయి దాని మీదుగా రోడ్డు పడింది. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో తెరుచుకుంది. చించినాడ దగ్గర కూడా వంతెన పడ్డాక పాలకొల్లు, రాజోలు ఒక్కటైపోయాయి. జాతీయ రహదారి నాలుగు వరుసలైంది, 5వ నంబరు పోయి 16 వచ్చింది. గంటలు పట్టిన ప్రయాణం నిమిషాల్లోకి దిగింది. ఇది మంచికే.

మారిపోయిందల్లా ఆగే చోటు. మునుపు బండి ఆగాల్సి వచ్చి ఆగేది. ఆగిన చోట ఏదో ఒకటి అమ్మేవారు. ఇప్పుడు ఆగాలనుకుంటేనే ఆగుతారు, కాబట్టి ఆగడానికి పేరున్న సరుకు ఉండాలి. తాపేశ్వరం కాజా, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు, కడియం నర్సరీల మొక్కలు, రావులపాలెం అరటిగెలలు, అంబాజీపేట పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు) ఈ కొత్త ప్రయాణంలో నిలదొక్కుకున్నాయి. పేరు లేని రేవు బడ్డీకొట్టు నిలవలేదు. బైపాస్ పడిన ప్రతి ఊళ్లోనూ పాత రోడ్డు మీద మూతపడిన టైరు పంచర్ షాపు, రేడియేటర్ షాపు కనిపిస్తాయి. బండ్లు ఆగిపోవడం తగ్గితే బాగుచేసేవాళ్ల బతుకుదారి కూడా తగ్గుతుంది.

పాత ప్రయాణం కొంతైనా తెలియాలంటే ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకుల మీదుగా రావులపాలెం చేరే కాలువ రోడ్డు మీద మెల్లగా వెళ్లాలి. ఆ వంపులు, ఆ చెట్లు, ఎదురు బండికి గట్టు అంచుకు దిగడం ఇంకా అక్కడ ఉన్నాయి.

పాత బండికి చట్టం ఏం చెబుతోంది

2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి రాష్ట్ర కోడు తర్వాత వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000. అలాంటి బండిని రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఇంకొకటి: ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలోనే ఉండాలి.

డెల్టా బండ్లు చిక్కుకునేది ఇక్కడే. హెరాల్డ్ తొలి తరం మొత్తం 50 దాటేసింది. 1974 పద్మినికి 2024లో 50 నిండాయి. వయసు సరిపోయింది, రూపం సరిపోదు. సగం రేకులు టింకరు కొట్టినవి, ఇంజను మార్చినది, గేరుబాక్సు వేరే బండిది. అసలు రూపం చెక్కుచెదరకుండా ఉన్నది ఎక్కువగా షెడ్డులో దాచిపెట్టిన ధనవంతుల బండి. యాభై ఏళ్లు ఊరికి సేవ చేసిన టాక్సీకి చట్టంలో చోటు లేదు. విడిభాగాలు దొరకని కాలంలో స్థానికంగా చేసిన మార్పులు కూడా ఆ బండి చరిత్రలో భాగమే. కంపెనీ నుంచి వచ్చిన రూపానికి మాత్రమే విలువ ఇచ్చే నిబంధన ఈ దేశంలో కార్లు నిజంగా ఎలా బతికాయో లెక్కలోకి తీసుకోలేదు. కొన్నేళ్ల కింద చేసిన మార్పులకు తేదీ, కారణం, చేసిన షెడ్డు వివరం చూపగలిగితే వాటిని అంగీకరించే వీలు నిబంధనల్లో ఉండటం న్యాయం.

1990ల అంబాసిడర్‌ది ఇంకో కష్టం. దానికి వింటేజ్ వయసు రావాలంటే 2040ల దాకా ఆగాలి. ఈలోగా 15 ఏళ్లు దాటాక ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజును 2025లో 10,000 రూపాయలు చేశారు. షెడ్డులో ఆగిపోయిన బండికి అంత పెట్టడం కంటే పాత ఇనుముకు ఇచ్చేయడమే చాలామందికి తేలిక. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక విడిభాగాలు కూడా అరుదైపోయాయి. ఆగిన బండిని ముక్కలు చేసి సామాను అమ్మితే ఎక్కువ డబ్బులు వస్తాయి.

ఇనుముకు పోయే బండితో పాటు ఇంకొకటి కూడా పోతోంది, అది పాత కాగితపు ఆర్సీ బుక్కు. అందులో మొదట కొన్న తేదీ, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, ఇంజను మార్చినప్పుడు వేసిన ముద్ర, ఒక ఊరి నుంచి మరో ఊరికి బండి చేతులు మారిన వరుస అన్నీ ఉంటాయి. తూర్పుగోదావరికి ఏపీ 5, పశ్చిమగోదావరికి ఏపీ 37 అన్న గుర్తులు 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 రావడంతో కొత్త బండ్లకు పోయాయి. 2022లో జిల్లాలే మారిపోయాయి. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లు, దాన్ని అమ్మినా, విరగ్గొట్టినా, ముందుగా ఆ బుక్కులోని ప్రతి పేజీకీ ఫొటో తీసి ఉంచుకోవాలి. ఇంజను మార్చిన బిల్లు, టింకరింగ్ రసీదు, పంటు టికెట్టు ముక్క దొరికితే వాటిని కూడా దానికి జతచేయాలి. బండిని బాగుచేసిన మెకానిక్కు ఇంకా ఉంటే, ఏ భాగం ఎక్కడి నుంచి తెచ్చి వేశాడో అతని చేతే చెప్పించి ఫోనులో రికార్డు చేయడానికి అరగంట చాలు.